పైపు సైజు పెంచితే ప్రెషర్ తగ్గాలి కదా, మా గుజ్జు లైన్లో పెరిగిందేంటి?

బి_షిఫ్ట్:

అందరికీ నమస్కారం. విజయవాడ దగ్గర ఒక చిన్న క్రాఫ్ట్ పేపర్ మిల్లులో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేస్తున్నాను. పాత అట్టపెట్టెలు పల్పర్లో వేసి గుజ్జు చేసి, దాంతో మళ్లీ అట్టపెట్టెలకి పనికొచ్చే బ్రౌన్ పేపరే తీస్తాం, రోజుకి 100 టన్నుల పైచిలుకు. చదివింది మెకానికల్ డిప్లొమా. పంపులు, పైపులు అన్నీ నీళ్లతోనే నేర్చుకున్నాను, గుజ్జు మొహం చూసింది మిల్లులోకి వచ్చాకే.

విషయం ఏంటంటే, గుజ్జు కలిపే తొట్టె (మిక్సింగ్ చెస్ట్) నుంచి మెషిన్ ముందుండే తొట్టెకి (మెషిన్ చెస్ట్) వెళ్లే పాత లైన్ 6 అంగుళాలది. తుప్పు పట్టి రెండు చోట్ల కారుతుంటే ఎలాగూ మార్చాలి కదా, 8 అంగుళాలు వేద్దాం, రాపిడి తగ్గి కరెంటు కలిసొస్తుంది అని మీటింగ్‌లో నేనే చెప్పాను. ఓనర్ గారు ఒప్పుకున్నారు, స్టెయిన్‌లెస్ పైపు తెప్పించి వేశాం. లైన్ పొడవు 90 మీటర్లు, 6 బెండ్లు, చివర్లో 9 మీటర్లు పైకెక్కి మెషిన్ చెస్ట్‌లో పడుతుంది. ఫ్లో గంటకి 150 ఘనమీటర్లు, అప్పుడూ ఇప్పుడూ అంతే. కన్సిస్టెన్సీ, అంటే గుజ్జు బరువులో పీచు వాటా, 3.5 శాతం.

పాత లైన్లో గేజ్ చదరపు సెంటీమీటరుకి 2 కేజీలు చూపించేది, ముల్లు కదిలేది కాదు. కొత్తది వేసిన మొదటి వారం కూడా ఇంచుమించు అంతే, ఒక పాయింటు (0.1) తగ్గిందేమో. తర్వాత మెల్లగా పెరిగి ఇప్పుడు 2.6 దాకా పోతోంది. పైగా నిలకడ లేదు, ఉన్నట్టుండి 2కి పడుతుంది, పది నిమిషాలకి మళ్లీ లేస్తుంది. అన్నిటికంటే విచిత్రం, వాల్వ్ పూర్తిగా తెరిస్తే ఫ్లో పెరిగి ప్రెషర్ 2.6 నుంచి 2.2కి దిగుతోంది. ఫ్లో పెరిగితే రాపిడి పెరగాలి కదా, తగ్గడమేంటి?

ఇంకో మార్పు కూడా జరిగింది, సంబంధం ఉందో లేదో తెలీదు. నెల రోజులుగా లోకల్ వేస్ట్‌లో సగానికి సగం దిగుమతి అమెరికన్ అట్ట కలుపుతున్నాం.

షిఫ్ట్ మారేటప్పుడు టీ దగ్గర అందరికీ ఇప్పుడు నేనే కాలక్షేపం. "సైజు పెంచిన ఇంజనీరు గారు వచ్చారు" అని లేచి కుర్చీ వేస్తున్నారు. కాస్త తెలిసినవాళ్లు చెప్పండి.

గట్టుమీద_కొంగ:

గేజ్ మార్చి చూడు బ్రో. సగం సమస్యలు గేజ్‌లోనే ఉంటాయి.

బి_షిఫ్ట్:

మార్చాం బ్రో. రెండు కొత్త గేజ్‌లు పెట్టి చూశాం. రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

ఆటోనగర్_పంపులు:

అన్నా, ముందు ఒక మాట తేల్చు. ఆ గేజ్ ఎక్కడుంది? పంపుకీ, గుజ్జు బయటికెళ్లే వైపు ఉండే డెలివరీ వాల్వ్‌కీ మధ్యలో ఉంటే వాల్వ్ తెరిచినప్పుడు ప్రెషర్ పడటంలో వింతేమీ లేదు, ఏ పంపుకైనా ఫ్లో పెరిగితే హెడ్ (అది ఇచ్చే ఒత్తిడి) తగ్గుతుంది, అది పంపు గుణం. వాల్వ్ దాటాక, లైన్ మొదట్లో ఉంటే మాత్రం నువ్వు చెప్పేది ఆలోచించాల్సిన విషయమే. ఈ తేడా చూడకుండా పంపు ఊడదీసి మా షెడ్డుకి పట్టుకొచ్చినవాళ్లని చాలామందిని చూశాను, విప్పితే లోపల తిరిగే చక్రం, అదే ఇంపెల్లర్, శుభ్రంగా ఉంటుంది, మా కూలీ మాకు వస్తుంది అనుకో.

రెండోది సక్షన్, అంటే పంపు గుజ్జుని లాక్కునే వైపు. గుజ్జు పంపుకి సక్షన్ పైపు పొట్టిగా, తిన్నగా, డెలివరీ కంటే ఒక సైజు పెద్దగా ఉండాలి. సక్షన్‌లో బెండ్ ఉందా? చెస్ట్‌లో లెవెల్ ఎంత పెడుతున్నారు? లెవెల్ తగ్గిస్తే గాలి లాగుతుంది, ఆ గాలి ఇంపెల్లర్ కన్ను దగ్గర బుడగలా కూర్చుంటుంది, ఇక పంపు తిరుగుతుందే గానీ తోయదు. నీ ముల్లు ఊగడం చూస్తే నాకు గాలి మీదే అనుమానం.

మూడోది, కొత్త లైన్ ఫ్లాంజ్‌ల దగ్గర, అంటే పైపులు బోల్టులతో కలిపే చోట, మధ్యలో పెట్టే గాస్కెట్ లోపలికి పొడుచుకొచ్చిందేమో చూసుకో. నీళ్ల లైన్లో అది లెక్కలోకి రాదు. గుజ్జు లైన్లో ఆ అంచుకి ఒక్కో పీచూ చుట్టుకుని నెల తిరిగేసరికి గడ్డం మొలుస్తుంది. ఒకసారి ఒక లైన్ విప్పితే జానెడు గడ్డం బయటపడింది, ఫొటో తీయనందుకు ఇప్పటికీ బాధే.

బి_షిఫ్ట్:

గేజ్ వాల్వ్ దాటాకే ఉంది అన్నా, వాల్వ్ నుంచి ఒక మీటరు దూరంలో. లైన్ చివర ఓపెన్‌గా చెస్ట్‌లో పడుతుంది. అంటే గేజ్ చూపించేది ఎత్తు ప్లస్ రాపిడి, అంతే కదా. 9 మీటర్లకి 0.9 తీసేస్తే మిగతాదంతా రాపిడే. సక్షన్ పొట్టిదే, బెండ్ లేదు, చెస్ట్ లెవెల్ 60 శాతం పైనే. గాస్కెట్లు ఆదివారం షట్‌డౌన్‌లో చూస్తాను.

పాతమిల్లు:

బాబూ, నేను 31 ఏళ్లు పల్ప్ మిల్లులో చేసి రిటైరయ్యాను. మాది అట్ట కాదు, కర్ర. నందిగామ, చందర్లపాడు వైపు నుంచి సుబాబుల్ లారీలు వచ్చేవి, సరుగుడు, జామాయిల్ కూడా. నువ్వు చూసింది గేజ్ తప్పు కాదు, వింత అంతకన్నా కాదు. గుజ్జు నడిచే తీరే అది. మీ కాలేజీలో చెప్పలేదంతే, మా రోజుల్లోనూ చెప్పలేదు.

గుజ్జుని చిక్కటి నీళ్లు అనుకోవడం దగ్గరే మనం తప్పులో కాలేస్తాం. అది పీచు. సుబాబుల్ లాంటి కర్ర పీచు ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది, లావు అందులో యాభయ్యో వంతు. నీళ్లలో గిరగిరా తిరిగినప్పుడు ఆ పీచులన్నీ వంగుతాయి. తిప్పడం ఆపగానే తిన్నగా సాగబోతాయి, కానీ చుట్టుపక్కల వేరే పీచులు అడ్డం ఉంటాయి. అటు సాగలేదు, ఇటు జారలేదు, అలా వంగి బిగుసుకుపోతుంది. జిగురు లేదు, రసాయనం లేదు, ఆ వంపులోని బిగువే గుజ్జుని వలలా పట్టి ఉంచేది. 3 శాతం గుజ్జులో 97 వంతులు నీళ్లే అయినా మగ్గుతో ముంచి ఒంచితే ధారగా కాకుండా ముద్దగా జారేది అందుకే.

ఇప్పుడు పైపులోకి రా. విజయవాడ వాళ్లకి చెప్పడం తేలిక, బందరు కాలువలో గుర్రపు డెక్క చూసే ఉంటావు. కాలువకి నీళ్లు వదిలినప్పుడు డెక్క మొత్తం ఒకే చాపలాగా కదులుతుంది. మధ్యలో ఏ మొక్కా పక్క మొక్కని దాటిపోదు. ఒరుసుకునేదంతా గట్టు దగ్గరే. పైపులో గుజ్జు కూడా మెల్లగా నడిపితే అచ్చం అలాగే, ఒక మెత్తటి కడ్డీ జారుతున్నట్టు వెళ్తుంది. లోపల చలనం లేదు, రాపిడంతా గోడ దగ్గర. ఆ దశలో పీచు నేరుగా గోడని రాసుకుంటుంది, కాబట్టి వేగం కొంచెం పెంచితే ప్రెషర్ కొంచెం పెరుగుతుంది.

ఇంకా వేగం పెంచావనుకో, కడ్డీ అంచున ఉన్న పీచు లోపలికి ముడుచుకుని గోడకీ కడ్డీకీ మధ్య పల్చటి నీటి పొర ఏర్పడుతుంది. ఇప్పుడు గోడని రాసుకునేది పీచు కాదు, నీళ్లు. రాపిడి పడిపోతుంది, నీ గేజ్ దిగుతుంది. నువ్వు వాల్వ్ తెరిచినప్పుడు చూసింది ఇదే. అక్కడితో ఆగదు, ఇంకా పెంచితే ఆ నీటి పొరలో సుడులు పుట్టి కడ్డీ అంచుని చీల్చడం మొదలుపెడతాయి, గేజ్ మళ్లీ ఎక్కుతుంది. చివరికి కడ్డీ మొత్తం చెదిరిపోయి అంతా కలగాపులగంగా పరిగెడుతుంది. ఆ దశలో ఇంకో చిత్రం ఉంది, అదే పైపులో అదే వేగంతో ఉత్త నీళ్లు పంపితే అయ్యే నష్టం కంటే గుజ్జుకి అయ్యే నష్టం తక్కువ. పీచు నీటి సుడులని అణిచేస్తుంది కాబట్టి.

నీ లెక్క చూడు. గంటకి 150 ఘనమీటర్లు 6 అంగుళాల పైపులో అంటే సెకనుకి దాదాపు 2.3 మీటర్లు. 8 అంగుళాల్లో అదే ఫ్లో 1.3 మీటర్లే. పాత పైపులో గుజ్జు నీటి పొర మీద జారుతూ హాయిగా పోయేది. నువ్వు పైపు పెద్దది చేసి వేగం తగ్గించి దాన్ని మళ్లీ గోడకి అంటించావు. నీళ్లకైతే 6 నుంచి 8కి మారిస్తే రాపిడి నాలుగో వంతుకి పడేది. గుజ్జుకి ఆ లాభంలో ఎక్కువ భాగం ఇలా పోతుంది.

కానీ ఒక్క అనుమానం మిగిలింది. సైజు ఒక్కటే కారణమైతే మొదటి రోజే తెలిసేది. వారం బాగుండి తర్వాత పెరిగిందంటే, పైగా ఊగుతోందంటే, గుజ్జులోనే ఏదో మారింది. మీ కన్సిస్టెన్సీ 3.5 అని ఎవరు చెప్పారు? మీటరా, మనిషా?

గట్టుమీద_కొంగ:

నీళ్ల కంటే పీచు కలిపిన నీళ్లు తేలిగ్గా పోతాయా? తాత గారూ, ఇది మరీ టూ మచ్ అండి 😄

పాతమిల్లు:

నమ్మకపోతే పోనీ నాయనా. ఇది 1950లలోనే కొలిచి చూసిన సంగతి. వేగం చాలినంత ఉంటేనే సుమా, 1 మీటరు దగ్గర కాదు.

ఏలూరురోడ్డు_ప్రెస్:

మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి, నాది పేపర్ కొనే వైపు. మాకు ఏలూరు రోడ్డులో ప్రింటింగ్ ప్రెస్. కొత్త రీమ్ వస్తే ముందు ఒక షీటు తీసి ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టి చూడటం మా నాన్నగారి రోజుల నుంచి అలవాటు. మంచి పేపర్ అయితే లోపల సమంగా, పాల మీగడలా కనిపిస్తుంది. నాసిరకమైతే మబ్బులు మబ్బులుగా, కొన్ని చోట్ల దట్టంగా, కొన్ని చోట్ల పల్చగా. ఆ పేపర్ మీద సాలిడ్ కలర్ వేస్తే మచ్చలు మచ్చలుగా పడుతుంది. పాతమిల్లు గారు చెప్పిన ఈ ముద్ద కట్టడానికీ దానికీ సంబంధం ఉందా?

లాబ్‌కోటు:

ఉందండి, సూటిగా ఉంది. ఆ మబ్బులు పీచు ముద్దలే, అవి అలాగే ఎండిపోయాయి. గుజ్జుని వైర్ (పేపర్ పొర పరుచుకునే జాలీ) మీదకి వదిలే హెడ్‌బాక్స్‌లో కన్సిస్టెన్సీ ఒక శాతం లోపే ఉంటుంది, అంటే టన్ను పేపర్‌కి 100 టన్నులకి పైగా నీళ్లు. అన్ని నీళ్లు పోసేదే పీచులు విడివిడిగా ఉండాలని. అంత పల్చన చేసినా తిప్పుడు ఆగిన క్షణంలోనే మళ్లీ ముద్దలు కడతాయి, అందుకే వైర్ మీద పడే చివరి అంగుళం దాకా సుడులు పుట్టిస్తూనే ఉండాలి. మీ నాన్నగారి ట్యూబ్‌లైటు పరీక్షని మిల్లుల్లో ఫార్మేషన్ అంటారు.

ఇక బి_షిఫ్ట్ గారి విషయం. నేను గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో కెమికల్ చెబుతాను, పల్ప్ మీద కొంత పని చేశాను. పాతమిల్లు గారు చెప్పిన నాలుగు దశలూ సరైనవే, వాటికి ఒక లెక్క జోడిస్తాను, ఎందుకంటే దిగుమతి అట్ట అన్న మాట మీరు ఏదో చివర్లో అనేసి వదిలేశారు గానీ నా దృష్టిలో అది చిన్న మాట కాదు.

ఒకే కన్సిస్టెన్సీ ఉన్న రెండు గుజ్జులు ఒకేలా నడవాలని లేదు. కెనడాలో కెరెకెస్, షెల్ అనే ఇద్దరు 1992లో దీనికి ఒక సంఖ్య ఇచ్చారు, క్రౌడింగ్ నంబర్ అంటారు. భావం చాలా సింపుల్. ఒక పీచు పొడవే వ్యాసంగా ఒక గోళం ఊహించుకోండి, అంటే అది గిరగిరా తిరగడానికి కావాల్సిన చోటు. ఆ చోటులో ఇంకా ఎన్ని పీచులు ఇరుక్కుని ఉన్నాయి అన్నదే ఆ నంబర్. ఒకటి లోపు ఉంటే ఎవరి దారి వాళ్లది. 60 దాటితే ఒక్కో పీచుకి కనీసం మూడు చోట్ల వేరే పీచులు తగులుతాయి, ఇక పాతమిల్లు గారన్న వంగి బిగుసుకోవడం మొదలైనట్టే. లెక్క కట్టడం ఇలా: కన్సిస్టెన్సీ శాతాన్ని 5తో గుణించండి, దాన్ని పీచు పొడవు మిల్లీమీటర్ల వర్గంతో గుణించండి, ఒక మీటరు పొడవు పీచు ఎన్ని మిల్లీగ్రాములు తూగుతుందో దాంతో భాగించండి.

పొడవుకి వర్గం ఉంది, అదే అసలు మెలిక. మన లోకల్ వేస్ట్‌లో పీచు చాలాసార్లు తిరిగి తిరిగి పొట్టిదైపోయి ఉంటుంది, 1 మిల్లీమీటరు, మీటరుకి 0.1 మిల్లీగ్రాము అనుకుందాం. 3.5 శాతం దగ్గర 175 వస్తుంది. అమెరికన్ అట్టలో పైన్ జాతి చెట్ల పొడుగు పీచు దండిగా ఉంటుంది. దాన్ని 2.5 మిల్లీమీటర్లు, 0.2 మిల్లీగ్రాములు అనుకుంటే అదే 3.5 శాతం దగ్గర దాదాపు 547. మూడింతలు! మీది సగం సగం కాబట్టి అంత కాదు గానీ, పాత గుజ్జు కాదిది. నీటి పొర ఏర్పడే వేగం కూడా పొడుగు పీచుకి పైకి జరుగుతుంది.

ఇంకోటి, మీ ల్యాబ్‌లో తిరిగే కడ్డీ విస్కోమీటర్ (చిక్కదనం కొలిచేది) ఉంటే దాంతో గుజ్జు కొలిచి, ఆ అంకెలకి మామూలు చిక్కటి ద్రవాల సూత్రం (పవర్ లా) వేయకండి. మా స్టూడెంట్లు ఏటా చేసే పొరపాటు ఇది. కడ్డీ తన చుట్టూ గుజ్జుని నెట్టేసి చిన్న గుంట చేసుకుని ఆ నీళ్లలో ఒక్కతే తిరుగుతుంది, మీటరు ఏదో అంకె చూపిస్తుంది, అది గుజ్జుది కాదు. రెక్కలున్న వేన్‌తో మెల్లగా తిప్పి ఏ బలం దగ్గర గుజ్జు లొంగుతుందో చూడాలి. ఆ బలం కన్సిస్టెన్సీతో నేరుగా పెరగదు, రెండున్నర మూడు ఘాతాల్లో పెరుగుతుంది. కన్సిస్టెన్సీ రెట్టింపైతే గుజ్జు బిగువు ఆరేడు రెట్లు.

పాతమిల్లు:

లెక్చరర్ గారూ, లెక్క బాగుంది, కాదనను. కానీ పొడుగు పీచు వచ్చి నెలైంది, ఆయన చెప్పిన ముల్లు ఊగడం పీచు పొడవుతో వచ్చేది కాదు. పీచు పది నిమిషాలకోసారి పొడుగూ పొట్టీ అవదు కదా. కన్సిస్టెన్సీ ఊగుతోంది. నేను అడిగిన ప్రశ్నకి జవాబు రాలేదు, 3.5 అని ఎవరన్నారు?

లాబ్‌కోటు:

ఊగడం గురించి మీరన్నది నిజమే సార్. అది నేను పట్టించుకోలేదు.

బి_షిఫ్ట్:

సార్, ఇద్దరికీ థాంక్స్. నిజం చెప్పాలంటే కన్సిస్టెన్సీ మీటర్ పాడై ఆరు నెలలైంది. మా దగ్గర ఒక పెద్ద మేస్త్రీ ఉన్నారు, చెస్ట్ పైనుంచి మగ్గుతో తీసి గుప్పిట్లో పిండి చూసి చెప్పేస్తారు. "మూడున్నర" అంటే మూడున్నరే, ల్యాబ్‌లో కూడా అంతే వచ్చేది, ఎప్పుడో చూసినప్పుడు. అదే రిజిస్టర్‌లో రాసుకుంటున్నాం.

పాతమిల్లు:

మేస్త్రీ చేతిని నేను తప్పు పట్టను, నా చెయ్యీ అలాంటిదే. కానీ చెయ్యికి తెలిసేది బిగువు, శాతం కాదు. పైగా పైనుంచి తీస్తే పైన ఉన్నదే తెలుస్తుంది. పంపు తాగేది అడుగున ఉన్నది.

ఒక పని చెయ్యి. పంపు డెలివరీలో శాంపిల్ కాక్ ఉంటే కాసేపు వదిలేసి, తర్వాత మగ్గు పట్టు. చెస్ట్ పైనుంచి ఇంకో మగ్గు. ఒక్కోదానిలోంచి 100 గ్రాములు తూచి, ముందే తూచి పెట్టుకున్న ఫిల్టర్ పేపర్ మీద వడకట్టి, 105 డిగ్రీల ఓవెన్లో బరువు ఇక మారని దాకా ఎండబెట్టు. తూచితే ఎన్ని గ్రాములొస్తే అన్ని శాతం. అరగంటకోసారి, ఒక షిఫ్ట్ మొత్తం. తడి ఉండగా తూచి భాగించే షార్ట్‌కట్‌లు వద్దు.

ఆటోనగర్_పంపులు:

గాలి అనుమానం నేను వెనక్కి తీసుకోవడం లేదు, కానీ తాత గారు చెప్పింది ముందు చెయ్యి. ఖర్చు లేని పని అదే.

బి_షిఫ్ట్:

నాలుగు రోజులకి వచ్చాను, లేటైంది.

మొత్తం షిఫ్ట్ శాంపిళ్లు తీశాం. చెస్ట్ పైనుంచి తీసినవన్నీ 3.3, 3.4, 3.5. మేస్త్రీ చెయ్యి అబద్ధం చెప్పలేదు. డెలివరీ కాక్ దగ్గర తీసినవి మాత్రం 4.3, 4.2, 4.4, మధ్యలో ఉన్నట్టుండి ఒకటి 3.1, మళ్లీ 4.3. ఆ 3.1 వచ్చిన టైంలో గేజ్ చూస్తే సరిగ్గా 2 దగ్గర ఉంది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, నిజంగా.

సరే, ఒకే చెస్ట్‌లో రెండు రకాల గుజ్జు ఎలా ఉందా అని నిచ్చెనెక్కి టార్చ్ వేసి చూశాను. గుజ్జుని కలియతిప్పే అజిటేటర్ వైపు గుజ్జు కదులుతోంది, ఎదురు మూల అసలు కదలడం లేదు. కదలకపోవడం అంటే మామూలుగా కాదు, దాని మీద పడిన పాన్ పరాగ్ కవర్ ఒకటి ఇరవై నిమిషాలు చూసినా అక్కడే ఉంది. గుజ్జుని పల్చన చేసే డైల్యూషన్ నీళ్లు పడేది ఆ మూలకే. నీళ్లు పైన పైన పరుచుకుని ఎప్పుడో ఒకసారి పెద్ద మడుగులా కిందికి జారి పంపులోకి వెళ్తున్నాయి, మిగతా టైం అంతా పంపుకి చిక్కటి గుజ్జే. కిందికెళ్లి అజిటేటర్ బెల్ట్ గార్డ్ తీస్తే నాలుగు గాడులున్న పుల్లీకి రెండే బెల్టులు ఉన్నాయి, ఆ రెండూ వదులు. లాగ్‌బుక్ తిరగేస్తే మేం లైన్ మార్చిన తర్వాతి వారమే రెండు బెల్టులు తెగాయని, "స్టోర్‌లో లేవు, తర్వాత వేయాలి" అని రాసి ఉంది. రాసింది నా షిఫ్టే. సంతకం కూడా నాదే.

లాబ్‌కోటు:

క్లాసులో చెప్పుకోదగ్గ కేసు అండి ఇది. ఇలాంటి గుజ్జుని తిప్పితే కలిసేది రెక్క చుట్టూ ఉన్న గుంట మాత్రమే, రెక్క నుంచి దూరం పోయేకొద్దీ బలం తగ్గి, ఎక్కడైతే గుజ్జు బిగువు కంటే తక్కువవుతుందో అక్కడ గోడ కట్టినట్టు ఆగిపోతుంది. నీళ్లయితే కొంచెం తిప్పినా మూల దాకా కదులుతాయి, గుజ్జు కదలదు. బెల్టులు జారి వేగం తగ్గేసరికి మీ గుంట చిన్నదైంది. పొడుగు పీచు వచ్చి బిగువు పెరిగేసరికి ఇంకా చిన్నదైంది.

3.5 ఎక్కడ, 4.3 ఎక్కడ అని తేలిగ్గా తీసుకోకండి. పీచు 23 శాతం పెరిగింది, బిగువు 70 శాతానికి పైగా పెరుగుతుంది.

ఆటోనగర్_పంపులు:

బెల్టులు సెట్‌గా వెయ్యి అన్నా. పాత రెండింటికి కొత్త రెండు జత చేస్తే కొత్తవే బరువంతా మోసి తెగుతాయి. నాలుగూ ఒకే లాట్‌వి. డైల్యూషన్ లైన్ కూడా చెస్ట్‌లో కాకుండా పంపు సక్షన్ దగ్గరికి మార్చు, ఇంపెల్లరే కలిపేస్తుంది, చాలా చోట్ల అలాగే ఉంటుంది. ఇక గాలి సంగతి, ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా.

గట్టుమీద_కొంగ:

అదంతా సరే, 4 శాతానికే ఇంత గోల అయితే పెద్ద మిల్లుల్లో 10, 12 శాతం గుజ్జు పంపు చేస్తారని ఎక్కడో విన్నాను. అది ఎలా పోతుంది మరి?

పాతమిల్లు:

మంచి ప్రశ్నే అడిగావు ఈసారి. 10 శాతం గుజ్జు చేత్తో తీసుకుంటే తడి పత్తి ముద్దలా ఉంటుంది, పళ్లెంలో పెడితే అలాగే కూర్చుంటుంది. మామూలు పంపు దాన్ని లాక్కోలేదు. మేం చేరిన కొత్తలో దాన్ని స్క్రూతో తోసే పెద్ద పంపులు ఉండేవి. ఫిన్లాండ్‌లో గుల్లిక్సెన్, హార్కొనెన్ అని ఇద్దరు 1981లో చూపించిందేంటంటే, దాన్ని చాలినంత గట్టిగా చిలికితే పీచుల పట్టు మొత్తం విడిపోయి, చిలుకుతున్నంత సేపూ నీళ్లలాగే పారుతుంది, అప్పుడు సెంట్రిఫ్యుగల్ పంపుతోనే పంపొచ్చు అని. అందుకే ఆ పంపులకి ఇంపెల్లర్ ముందు ఒక రోటర్ సక్షన్‌లోకి పొడుచుకొచ్చి ఉంటుంది, ముందు అది చిలుకుతుంది, వెనక ఇంపెల్లర్ తోస్తుంది. అంత చిక్కటి గుజ్జులో గాలి కూడా బోలెడు, దాన్ని మధ్యలోంచి వ్యాక్యూమ్ పెట్టి లాగేయాలి. ఆటోనగర్ తమ్ముడి గాలి గోల అక్కడ నూటికి నూరు పాళ్లు నిజం. మొదటిసారి అది నడిపిన రోజు మేమందరం పని మానేసి శాంపిల్ కాక్ చుట్టూ నిలబడ్డాం. పైపులో నీళ్లలా వచ్చింది, బకెట్లో పడగానే మళ్లీ పత్తి ముద్ద.

ఏలూరురోడ్డు_ప్రెస్:

రీమ్ రేటు ఎందుకు అంత ఉంటుందో ఇప్పుడు అర్థమైంది.

బి_షిఫ్ట్:

అప్‌డేట్. నాలుగు బెల్టులూ కొత్తవి వేశాం. ఇప్పుడు చెస్ట్‌లో ఏ మూలా నిద్రపోవడం లేదు. డైల్యూషన్ సక్షన్ దగ్గరికి మార్చాం, ఆదివారం సగం రోజు పని. గాస్కెట్లలో ఒక్కచోట బొటనవేలంత గడ్డం ఉంది, తీసేశాం, ఫొటో కూడా తీశాను ఆటోనగర్ అన్న కోసం. కాక్ దగ్గర రోజంతా 3.4, 3.5. గేజ్ ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది.

ఎంత దగ్గర అని అడగకముందే చెప్పేస్తా. 1.9. పాత 6 అంగుళాల లైన్లో 2.0 ఉండేది. అంటే స్టెయిన్‌లెస్ 8 అంగుళాల పైపు 90 మీటర్లు వేసి నేను సాధించింది ఒక్క పాయింటు.

పాతమిల్లు:

తుప్పు పైపు ఎలాగూ మార్చాల్సిందే కదా, ఊరికే మనసు కష్టపెట్టుకోకు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, మెషిన్ స్పీడ్ తగ్గించి ఫ్లో 100కి దింపినప్పుడు ఆ లైన్లో వేగం 1 మీటరు కూడా ఉండదు, అప్పుడు గుజ్జు అలిగి కూర్చునే ప్రమాదం ఉంది. చివర్లో ఒక రిటర్న్ లైన్ వేసి మిగులు గుజ్జుని చెస్ట్‌కి తిప్పి పంపితే వేగం నిలబడుతుంది, కరెంటు కొంచెం తింటుంది. లేదా తిన్నగా ఉన్న భాగంలో కొంత మళ్లీ 6 అంగుళాలు చెయ్యి. ఆ పాత పైపులు కారింది రెండు చోట్లే అన్నావుగా, బాగున్న ముక్కలు ఉన్నాయా?

బి_షిఫ్ట్:

ఉన్నాయి సార్. సైకిల్ స్టాండ్ రేకుకి స్తంభాలుగా పాతేశారు, పోయిన వారమే సిల్వర్ పెయింట్ కూడా కొట్టారు.